రాజుగారి తోటలో మా లస్కరు

గురువారం

వ్యాను తాళాలు ఇచ్చేముందు అద్దె దుకాణం కుర్రాడు మావారికి ముప్పావుగంట పాఠం చెప్పాడు. గ్యాసు బండ ఎక్కడుంది, పైకప్పు ఎలా లేపాలి, బెంచీ ఎటు లాగితే పడక అవుతుంది, మరుగుదొడ్డి పెట్టె ఎన్నాళ్ళకోసారి ఖాళీ చెయ్యాలి. నాన్న ఇవేమీ వినలేదు. వ్యాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పక్కనున్న చిన్న తాళం మూత మీద వేలు పెట్టి, "అమ్మాయ్, నీళ్ళు పోసేది ఇక్కడ గదా? ఎన్ని పడతయ్యో కనుక్కో" అన్నాడు.

100 లీటర్లు. వాడిన నీళ్ళు అడుగునున్న ఇంకో ట్యాంకులోకి పోతాయి, అది 90.

"పది యాడికి పోయినయ్?"

"తాగుతాం, వండుకుంటాం నాన్నా."

"ఆ... అట్టయితే సరే."

మా నాన్న నాగార్జునసాగర్ కుడి కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లస్కరంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: కాలువ గట్టు మీద సైకిలేసుకుని తిరుగుతూ షట్టర్లు ఎత్తి దించే మనిషి. గేజి చూడాలి, తూముకు ఎవరైనా రాళ్ళు అడ్డం పెట్టారేమో కనిపెట్టాలి, గండి పడితే అందరికంటే ముందు తను పరిగెత్తాలి. మాది బెల్లంకొండ వైపు. చెల్లి పురుటికని అమ్మ హైదరాబాదులో ఉండిపోతే నాన్న ఒక్కడే ఐంధోవెన్‌లో మా దగ్గరికి వచ్చాడు. ఈ నెలన్నరలో నెదర్లాండ్స్ కాలువలు చాలానే తిరిగి చూశాడు. ఎక్కడా గట్టు తెగలేదని కాస్త నిరాశపడ్డాడు కూడా.

ప్యారిస్ పక్కన వెర్సాయిలో ఫ్రెంచి రాజుల కోట చూడబోయే ఈ ప్రయాణం ఆలోచన నాది. పదో తరగతి సాంఘికశాస్త్రంలో 'వెర్సయిల్స్ సంధి' అని బట్టీ పట్టిన రోజు నుంచీ ఆ సంధి జరిగిన అద్దాల గది చూడాలని కోరిక. వ్యాను ఆలోచన మావారిది. హోటలైతే మావయ్యగారికి రెండు పూటలా రొట్టెముక్కే గతి, వ్యానులో అయితే అన్నం వండుకోవచ్చు అన్నారు. ఆ మాటతో నాన్న ఒప్పుకున్నాడు. ఆవకాయ సీసాకు రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, సింకు కింద అరలో తనే సర్దాడు.

పొద్దున పూట బ్రసెల్స్ రింగు రోడ్డులో ఇరుక్కోవడం ఎందుకని మాస్ట్రిక్ట్, లీజ్, మోన్స్ మీదుగా వెళ్ళాం. దారంతా వెనక గిన్నెలు తిరునాళ్ళలో తాషా మేళంలా మోగుతూనే ఉన్నాయి. ఫ్రాన్సులో టోల్‌గేటు దగ్గర తెలిసిందేమంటే, రెండు మీటర్లకూ మూడు మీటర్లకూ మధ్య ఎత్తున్న బండి రెండో తరగతి, కారు కంటే ఎక్కువ కట్టాలి. 500 కిలోమీటర్లు దాటి, వెర్సాయి ఊరి చివర పోర్షెఫొంతేన్ దగ్గర చెట్ల మధ్యనున్న క్యాంపింగు స్థలానికి చేరేసరికి సాయంత్రం ఏడైంది.

వాన. స్నానాల గదులు చెట్ల అవతలెక్కడో. నేను వ్యానులోనే తలస్నానం కానిచ్చేశాను. నురగ ఇంకా నెత్తి మీద ఉండగానే పంపు ఒకసారి మూలిగి ఆగిపోయింది. బయట నాన్న గొంతు: "మీటరు చూసుకోకుండా తూము తెరిస్తే అంతేనమ్మా." మావారు మంచినీళ్ళ సీసాలు రెండు అందించారు.

ఆ రాత్రి నుంచి వ్యానుకు లస్కరు నాన్నే. చొక్కా జేబులో ఉండే చిన్న పుస్తకం తీసి మొదటి లెక్క రాసుకున్నాడు. గురువారం, రాత్రి 9: నిల్.

శుక్రవారం

పొద్దున ఆరింటికే గొట్టం తగిలించి ట్యాంకు నింపేశాడు. పక్క వ్యాను ఫ్రెంచి ముసలాయన ఏదో సాయం చెయ్యబోతే, లుంగీ పైకి మడిచి కట్టి, వద్దని చెయ్యి ఊపాడు. పుస్తకంలో: ఉదయం 6:20, నిండు. నేను రైస్ కుక్కరూ కెటిలూ ఒకేసారి పెట్టడంతో కరెంటు పోయింది. దానికీ నాకే తిట్లు.

ఆరు మీటర్ల బండిని కోట ముందు నిలపడం మనవల్ల అయ్యే పని కాదు గనక రైలెక్కాం. ఒక్క స్టేషనే. దిగి నాలుగడుగులు వేసి మలుపు తిరిగితే విశాలమైన మైదానం, గుర్రం మీద 14వ లూయీ విగ్రహం, వెనక బంగారు పూత మెరిసే గేటు, దాని ముందు కనుచూపు మేర వరస.

వరసలో నించుని నాన్నకు కథ చెప్పాను. 1623లో 13వ లూయీ వేటకొచ్చినప్పుడు దిగడానికి కట్టుకున్న చిన్న బంగళా ఇది. కొడుకు 14వ లూయీ 1661 నుంచి దాన్ని పెంచుతూ పోయి, 1682 మే 6న దర్బారునూ ప్రభుత్వాన్నీ మొత్తం ఇక్కడికే తెచ్చిపెట్టాడు. 1789 అక్టోబరులో ప్యారిస్ ఆడవాళ్ళు రొట్టె కోసం నడిచొచ్చి, 16వ లూయీ కుటుంబాన్ని వెంటబెట్టుకుపోయేదాకా చాలావరకు రాజులకు ఇదే ఇల్లు.

"ఏరు ఎటుంది?"

"ఏరు లేదు నాన్నా. సీన్ నది అల్లంత దూరాన ఉంది, అదీ ఇక్కడికంటే 100 మీటర్లకు పైగా పల్లంలో."

నాన్న నా వంక చూసిన చూపు, ఏటిపక్క కాకుండా గుట్ట మీద వరి నాటిన రైతును చూసినట్టుంది. "వేటకొచ్చేవాడికి అడవి చాలు. కాపురానికి చాలదు గదా" అన్నాడు.

లోపలి గదుల గురించి ఎక్కువ రాయను. మంచాలు, పందిరి తెరలు, కప్పు మీద బొమ్మలు, ఒకదాని వెంట ఒకటి. వెనకనుంచి జనం తోస్తుంటే నడవడమే తప్ప నిలబడి చూసేది తక్కువ. అద్దాల గది మాత్రం నిలబెట్టేసింది. 73 మీటర్ల పొడవు. తోట వైపు 17 కిటికీలు, ఎదురుగా 17 అద్దాల కమానులు, మొత్తం 357 అద్దాలు. అంత పెద్ద అద్దాలు చెయ్యడం అప్పట్లో వెనిస్ వాళ్ళ గుత్త సొత్తు. మంత్రి కొల్బేర్ ఆ పనివాళ్ళను రహస్యంగా రప్పించి 1665లో ఫ్రాన్సులోనే కార్ఖానా పెట్టించాడు. 1678లో ఈ గది మొదలై 1684కు పూర్తయింది. 1871లో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించిందీ ఇక్కడే, 1919 జూన్ 28న అదే జర్మనీ చేత సంతకం పెట్టించిందీ ఇక్కడే. నా పదో తరగతి రెండు మార్కుల ప్రశ్న మధ్యలో నిలబడి ఉన్నానన్నమాట. మావాడు, ఏడేళ్ళవాడు, ప్రతి అద్దం ముందూ నాలుక బయటపెట్టి చూసుకున్నాడు.

నాన్న అద్దాల వైపు వీపు పెట్టి కిటికీలోంచి తోట చూస్తున్నాడు.

ఆయన్ను ఇటు తిప్పడానికి నా దగ్గర ఒక్క అస్త్రం ఉంది. "ఈ గదిలో మన కొల్లూరు వజ్రం తిరిగింది నాన్నా" అన్నాను. తిరిగి చూశాడు. కొల్లూరంటే మాకు పరాయి ఊరా! నాన్న చిన్నప్పుడు అక్కడ కృష్ణ ఒడ్డున వానలు పడ్డాక జనం రాళ్ళు ఏరుకుంటూ తిరిగేవారట. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ రాజ్యానికి వచ్చినప్పుడు ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆయన ఫ్రాన్సుకు పట్టుకుపోయిన నీలి వజ్రం దాదాపుగా కొల్లూరుదే అయి ఉంటుందంటారు. 1668లో 14వ లూయీ కొన్నాడు, 1673లో సానబట్టించి చిన్నది చేయించాడు. 1792లో విప్లవం గొడవలో అది దొంగలపాలైంది. మళ్ళీ చిన్న ముక్కై, ఇప్పుడు హోప్ వజ్రం పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది, 45.52 క్యారెట్లు. 1715 ఫిబ్రవరిలో పర్షియా రాయబారి వచ్చినప్పుడు ఈ అద్దాల మధ్యే ముసలి లూయీ ఒంటినిండా వజ్రాలు కుట్టించుకున్న బట్టలతో కూర్చున్నాడట. ఆ బరువుకు వంగిపోయాడని చూసినవాళ్ళు రాసుకున్నారు. ఆ సెప్టెంబరు ఒకటినే పోయాడు.

నాన్న అంతా విని, "మనూరి రాయి ఇంతదూరం వచ్చింది, మన నీళ్ళు మాత్రం చివరి భూములదాకా పోలా" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం తోటలో అసలు గొడవ మొదలైంది. కొలనులన్నీ ఉన్నాయి, విగ్రహాలన్నీ ఉన్నాయి, పొదల వెనకనుంచి పాత కాలపు సంగీతం కూడా వినిపిస్తోంది. ధారలు లేవు. శుక్రవారం సంగీతం మాత్రమేనట, వాటర్ షో కావాలంటే శని ఆదివారాలు రావాలట. డబ్బు కట్టాక తెలిసింది. "పాట వదిలారు, నీళ్ళు వదల్లా" అని నాన్న రెండుసార్లు అన్నాడు. తోట కింది చివరన పెద్ద కాలువ ఉంది, 1,670 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. లూయీ దీనిమీద పడవలు తిప్పాడు, వెనిస్ నుంచి గొండోలాలు, వాటిని నడిపేవాళ్ళు కూడా వచ్చి ఇక్కడే కాపురం పెట్టారు. నాన్న ఒక ఎండుటాకు నీళ్ళలో వేసి, చేతి గడియారం చూస్తూ నించున్నాడు. ఆకు కదల్లేదు.

"పారనిదాన్ని కాలువంటారా? ఇది చెరువు. పొడుగ్గా తవ్విన చెరువు."

మావాడి కోసం రాణి మారీ ఆంత్వానెత్ పల్లెటూరికి కూడా పోయొచ్చాం. 1783లో మొదలుపెట్టి కట్టించుకున్న ఉత్తుత్తి పల్లె. గడ్డి కప్పిన ఇళ్ళు, పాలశాల, చెరువు. మేకలు మాత్రం నిజమైనవి. మావాడికి మొత్తం వెర్సాయిలో నచ్చినవి అవే.

శనివారం

నిన్నటి కోపం తీరాలంటే ఇవాళ రాక తప్పలేదు. ముందు కూచుని కొంత చదివి పెట్టుకున్నాను, నాన్న అడుగుతాడని తెలుసు.

తోట గీసింది ఆంద్రే లె నోత్ర. ఇప్పుడు 50కి పైగా కొలనులు, 600 దాకా ధారలు, నేల కింద 35 కిలోమీటర్ల గొట్టాలు. లూయీ కాలంలో ధారలు ఇంతకు రెట్టింపు పైమాటే. మోటార్లు లేవు గనక అంతా వాటం మీదే. ఎత్తు మీద తొట్లు, చెరువులు. అక్కడ నిలిపిన నీళ్ళు కిందకు దూకే జోరే ధారగా పైకి లేస్తుంది. ఇప్పటికీ చాలావరకు అదే పద్ధతి, వాడిన నీళ్ళను మళ్ళీ పైకి తోడడం మాత్రం ఇప్పుడు మోటార్ల పని.

పదకొండింటికి లాతోన కొలను దగ్గర జనంలో నిలబడ్డాం. ముందు గొట్టాల్లోంచి దగ్గులాంటి చప్పుడొచ్చింది. తర్వాత బంగారు కప్పలు ఒకటొకటిగా ఉమ్మడం మొదలుపెట్టాయి. రెండు నిమిషాల్లో కొలనంతా తెల్లగా లేచిపోయింది. జనం ఫోన్లెత్తారు. నాన్న చెప్పుల్లోంచి కాళ్ళు తీసి, తడిసిన గట్టు రాయి మీద పెట్టాడు.

ఈ కప్పల కథ గ్రీకులది. లాతోన అనే తల్లి ఇద్దరు పసిబిడ్డలతో దాహానికి ఒక చెరువు దగ్గరికొస్తుంది. అక్కడి రైతులు తాగనివ్వరు. పైగా నీళ్ళలో దిగి, బురద కలిపి పాడుచేస్తారు. ఆమె మొరపెట్టుకుంటే వాళ్ళంతా కప్పలైపోతారు. కొలనులో సగం మనిషి సగం కప్పగా మారుతూ, నోరు తెరుచుకున్న మొహాలు కూడా ఉన్నాయి. నాన్నకు ఈ విగ్రహాల దగ్గర మాత్రం వివరించాల్సిన పని పడలేదు. "రాత్రిపూట తూము దగ్గర ఇట్టాంటి మొహాలు నేను బొచ్చెడు చూశా" అన్నాడు. "పలుగులు పట్టుకొచ్చేవాళ్ళు. ఎవరూ కప్పలు గాలా."

రాజు తోటలో తిరిగేటప్పుడు అన్ని ధారలకూ సరిపడా నీళ్ళు ఉండేవి కావు. అందుకని తూముల దగ్గర మనుషుల్ని పెట్టేవారు. రాజు ఒక మలుపు తిరగబోతుండగా ఒకడు ఈల వేస్తాడు, ముందున్నవాడు తిప్పుతాడు. రాజు దాటిపోగానే కట్టేస్తారు. రాజు కంటికి తోటంతా ఎప్పుడూ పొంగుతున్నట్టే. తోటను ఏ వరసలో చూడాలో, ఎక్కడ ఆగాలో రాజే స్వయంగా కాగితం మీద రాసిపెట్టాడు కూడా.

ఇది చెప్పగానే నాన్న పెద్దగా నవ్వేశాడు. పక్కవాళ్ళు తిరిగి చూశారు.

"మా దగ్గరా అంతే గదమ్మా! పెద్దాఫీసరు జీపు బయల్దేరిందంటే పై లస్కరు సైకిలు మీద కబురు పంపేవాడు. పై తూములన్నీ మూసేసి, జీపు వచ్చేసరికి ఆఖరి మైనరు కాలువలో మోకాలిలోతు నీళ్ళు ఆడించేవాళ్ళం. ఆయన గట్టు దిగి, ఫోటో దిగి, చివరి భూములకు నీళ్ళందినయ్యని రాసుకుని పోయేవాడు. జీపు దుమ్ము అణగకముందే పైన మళ్ళీ ఎత్తేవాళ్ళు."

"నువ్వు కూడానా?"

"ఈల వేసేది నేనే" అన్నాడు.

మధ్యాహ్నం ఒక పొదరింటి మలుపులో, నేలలో చిన్న ఇనుప మూత తీసి, నడుమెత్తు ఇనుప తాళంచెవి దించి తిప్పుతున్న మనిషి కనపడ్డాడు. నీలం చొక్కా, చేతులకు మట్టి. నాన్న తాడుకు ఇవతలే ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, చుట్లు లెక్కపెడుతున్నాడు. ఆ మనిషి పద్నాలుగు చుట్లు తిప్పి, ఆగి, గొట్టం వైపు చెవి పెట్టి, ఇంకో అర చుట్టు తిప్పాడు. ఆ అర చుట్టు దగ్గర నాన్న "ఊఁ" అన్నాడు. ఆయన తలెత్తాడు. నాన్న రెండు చేతులతో గాల్లో షట్టరు తిప్పి చూపించి, తన గుండె మీద తట్టుకున్నాడు. ఆయన ఒక్క క్షణం చూసి, తాళంచెవిని చేతి మీద అడ్డంగా పెట్టి, బరువు చూడమన్నట్టు తాడు మీదుగా ముందుకు చాపాడు. నాన్న దాన్ని పట్టుకుని, తిరగేసి, మొన అరుగుదల బొటనవేలితో తడిమి తిరిగిచ్చాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. నేను ఫోటో తీసుకోవాల్సింది, చేతిలో ఐస్‌క్రీము కరిగిపోతోంది.

ఒకచోట ఎన్‌సెలాడస్ అనే రాక్షసుడు రాళ్ళ కింద కూరుకుపోయి, నోట్లోంచి 25 మీటర్ల ధార చిమ్ముతాడు. జనం అక్కడే ఎక్కువ. నాన్నకు అది కాదు, గవ్వలూ రాళ్ళూ పొదిగిన మెట్ల మీద నీళ్ళు పరుచుకుంటూ జారే బాల్‌రూం పొదరిల్లు నచ్చింది. "డ్రాపు ఇట్టా కట్టాలి. అడుగు కోసుకుపోదు" అని తీర్పిచ్చాడు. కాలువ ఒక్కసారిగా పల్లానికి దిగేచోట కట్టే మెట్టును డ్రాపంటారు.

బెంచీ మీద కూచుని తెచ్చుకున్న పులిహోర తింటుండగా అసలు ప్రశ్న అడిగాడు. ఎత్తు మీదికి నీళ్ళు ఎట్టా తెచ్చారు?

మొన్న దారిలో లీజ్ పట్నం పక్కనుంచి వచ్చాం గదా, ఆ ప్రాంతపు వడ్రంగి రెన్నెకాఁ సువాలెమ్ అని ఒకడు. చదువు లేనివాడని చెప్తారు. అతని చేత సీన్ నది మీద మార్లీ యంత్రం కట్టించారు, 1684లో నడిచింది. ఏటి వాలుకు తిరిగే 14 చక్రాలు, ఒక్కోటి నాలుగంతస్తుల ఎత్తు. కొండవాలు మీద మూడు మజిలీల్లో 200 పైచిలుకు పంపులు. మొత్తం మీద నీళ్ళను 150 మీటర్ల పైకి ఎక్కించాయి. చప్పుడు మైళ్ళ దూరం వినపడేదట. ఎప్పుడూ ఏదో ఒకటి విరగడం, మనుషులు ఎక్కి బాగుచేయడం. అయినా చాల్లేదు. వచ్చిన నీళ్ళలో మార్లీలో రాజు కట్టుకున్న ఇంకో తోటకు కూడా వాటా.

"ఎత్తిపోతల పథకం" అన్నాడు నాన్న. "కరెంటు లేని ఎత్తిపోతల. చాలకపోతే?"

చాలకపోతే, ఓర్ అనే ఏటిని 80 కిలోమీటర్ల అవతలనుంచి కాలువ తవ్వి తెద్దామన్నారు. 1685లో పని మొదలైంది. మాంతెనో అనే ఊరి దగ్గర లోయ అడ్డమొస్తే దానిమీదుగా మూడంతస్తుల కమానుల వంతెన కట్టి, పైన నీళ్ళు నడపాలని లెక్క. వేలాది సైనికుల్ని దించారు.

"వచ్చినయ్యా నీళ్ళు?"

"రాలేదు."

"ఆ వంతెన ఉందా ఇంకా?"

మావారు అప్పటికే ఫోన్లో దూరం చూస్తున్నారు. రేపు ప్యారిస్ వెళ్ళి ఈఫిల్ టవర్ చూడాలని మా ప్లాను. మావాడి టీషర్టు మీద కూడా అదే బొమ్మ. "ఈఫిల్ టవర్ ఎటూ పోదులే" అన్నారు మావారు. ఆయన మంచి అల్లుడు.

సాయంత్రం చివరగా నెప్ట్యూన్ కొలనులో 99 ధారలు ఒక్కసారిగా లేచాయి. పుస్తకంలో ఆ రాత్రి లెక్క: 55. కింద ఇంకో గీత: ఫ్రెంచి లస్కరు, పద్నాలుగున్నర.

ఆదివారం

పొద్దున వెర్సాయి నోత్రదామ్ అంగడి. చీజులు, చేపలు, స్ట్రాబెర్రీలు. ఒక ముసలమ్మ బుట్టలో పచ్చటి ఆకు కట్టలు కనపడ్డాయి. తుంచి నోట్లో వేసుకుంటే అచ్చం చుక్కకూర. ఆ జాతిదే, ఇక్కడ సూపుల్లో వేస్తారట. మూడు కట్టలు కొని, వ్యానులో కందిపప్పుతో ఉడకేసి, రెండు ఎండుమిర్చితో తిరగమోత పెట్టాను. ఆ ఘాటుకు పక్క వ్యానాయన బయటికొచ్చి తుమ్మాడు. గిన్నెలో పంపించాను. ఖాళీ గిన్నెలో నాలుగు చెర్రీపళ్ళు వేసి తిరిగిచ్చాడు.

రాంబుయ్యే మీదుగా గంట ప్రయాణం. మాంతెనోలో చక్కటి కోట ఉంది, 14వ లూయీ రహస్యంగా పెళ్ళాడిన రెండో భార్యది. ఆ కోట తోట చివర నిలబడి ఉంది వంతెన. నేను ఏవో నాలుగు మొండి గోడలు అనుకున్నాను. కాదు. చెట్లకంటే ఎత్తుగా, వరసగా కమానులు, లోయ ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా. పైన పిచ్చిమొక్కలు మొలిచి, కొన్ని కమానుల నెత్తి విరిగిపోయి. మూడంతస్తుల లెక్కలో లేచింది మొదటి అంతస్తే. దాని మీద ఒక్క చుక్క నీరు పారలేదు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఒక స్తంభం మొదట్లో అడుగులు వేసి కొలిచాడు. రాతి అతుకుల్లో వేలు పెట్టి సున్నం గీకి, వాసన చూశాడు. దూరంగా పోయి, ఒక కన్ను మూసి, చేతికర్ర అడ్డంగా పట్టి మట్టం చూశాడు. "లెవెలు తప్పలా" అన్నాడు ఆఖరికి. "పనోళ్ళ తప్పేం లేదు. మరి ఎందుకు ఆపారు?"

"1688లో యుద్ధం వచ్చింది. సైన్యాన్ని అటు పంపించేశారు. అంతకుముందే ఇక్కడి బురదలో జ్వరాలొచ్చి చాలామంది పోయారు."

"ఎంతమంది?"

"వేలల్లో అంటారు."

రాతికి ఆనుకుని గడ్డిలో కూచున్నాడు. మా తాత సాగర్ డ్యాము మీద రాయి మోశాడు. 1955 డిసెంబరు 10న పునాది రాయి పడ్డప్పుడు తాతకు పాతికేళ్ళ లోపు. తట్టలు, కావళ్ళు, పరంజా మీద వరసలుగా మనుషులు, రాయి మీద రాయి. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన రోజు నాన్న తాత భుజాల మీద కూచుని చూశాడట. ఆ కథ మాకు చిన్నప్పుడు వందసార్లు చెప్పాడు, నీళ్ళ ముందు నురగ వచ్చిందనీ, నురగ ముందు పాములు వచ్చాయనీ. ఇవాళ ఆ కథ మళ్ళీ చెప్తాడనుకున్నాను. చెప్పలేదు.

"మన వరికపూడిశెల ఎత్తిపోతలకు ఎన్ని శంకుస్థాపన రాళ్ళు పడినయ్యో నీకు గుర్తుందా?" అని మాత్రం అడిగాడు. నాకు గుర్తులేదు. "నాకూ లెక్క తప్పింది" అన్నాడు.

మావాడు కమాను కింద నించుని "తాతయ్యా!" అని అరిచాడు. పైనుంచి అదే మాట తిరిగొచ్చింది. ఇంక పదినిమిషాలు తాతామనవళ్ళు ఇద్దరూ అరుస్తూనే ఉన్నారు. చివరికి నాన్న రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. లోయంతా మోగింది. ఆయనకు ఈల వేయడం వచ్చని నాకు ఈ వయసులో తెలిసింది.

సోమవారం

వచ్చిన దారే. లీజ్ దగ్గర నాన్న కిటికీ దించి, "వడ్రంగాయన ఊరు" అని మనవడికి చూపించాడు. రోడ్డు పక్కన కనపడిందల్లా గోడౌన్లే.

వ్యాను అప్పగించేముందు రెండు ట్యాంకులూ ఖాళీ చెయ్యాలని నిబంధన. మురికి నీళ్ళు వాళ్ళు చూపించిన గుంటలో వదిలేశాం. మంచినీళ్ళు ఇంకా ముల్లు పావు దగ్గర ఉన్నాయి. కుర్రాడు అడుగున మూత తిప్పబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆవరణ గోడ వెంట ఎండిపోతున్న గులాబీ మొక్కలు ఓ పది ఉన్నాయి. మా అన్నం గిన్నె, పప్పు గిన్నె, మావాడి నీళ్ళ సీసా, అన్నీ బయటకు తీయించాడు. మావారు, నేను, మావాడు వరసగా నిలబడి అందిస్తున్నాం. ఆ కుర్రాడు కాసేపు వాచీ చూసుకుని, లోపలికి పోయి తను కూడా ఒక బకెట్టు తెచ్చాడు.

నాన్న మొదలు ఆ చివరి మొక్క దగ్గరికి నడిచాడు. నీళ్ళు అక్కడినుంచి పొయ్యడం మొదలుపెట్టాడు.